అమ్మను లేపిన కార్తె

రోహిణి కార్తె, నాలుగో రోజు

కాపలా పుస్తకంలో యంత్రాల సంగతులు తప్ప వేరే ఏమీ రాయొద్దని చెప్పారు. సరే. నీళ్ళు బాగున్నాయి, గాలి బాగుంది, పెట్టెలన్నీ చల్లగా ఉన్నాయి. యంత్రాల సంగతులు అయిపోయాయి. ఇక నా సంగతి రాస్తాను. వద్దనడానికి ఎవరు మేలుకుని ఉన్నారు గనక?

మొగులమ్మకి పళ్ళొస్తున్నాయి.

రాత్రంతా ఏడుపే. కింది చిగురు ఉబ్బి ఎర్రగా ఉంది. బుగ్గ ఒకటి కందిపోయింది. చొంగకి మెడంతా ఒరుసుకుపోయింది. పాలకి తీసుకుంటే కొరుకుతుంది, తీసేస్తే ఏడుస్తుంది. పళ్ళు లేకుండానే ఇంత గట్టిగా కొరుకుతోందంటే, వచ్చాక నా గతేమిటో!

ఓడ నిండా మనుషులే. ఊళ్ళకు ఊళ్ళే చల్లటి పెట్టెల్లో ఏళ్ళ తరబడి నిద్రలో వరసగా పడుకుని ఉన్నాయి. మేము దిగాల్సిన నేల ఇంకా తొంబై ఏళ్ళ దూరంలో ఉంది, అప్పటిదాకా వాళ్ళని లేపేది లేదు. జంట తర్వాత జంట లేచి రెండేసి ఏళ్ళు ఓడని కాచుకోవాలి. ఇప్పుడు వంతు మాది. నేను స్వరూపని, మా ఆయన భూమేష్. మొగులమ్మ కాపలాలోనే పుట్టింది. చుక్కల మధ్య పోయే, వానా ఎండా లేని ఈ ఓడలో కూడా మా పెద్దవాళ్ళు పట్టుబట్టి కార్తెలే పెట్టించారు. వాటి లెక్కన మా వంతు విశాఖ కార్తెకి అయిపోతుంది. అప్పటికి పిల్లకి ఏడాది నిండుతుంది, చిన్న పెట్టెలో పడుకోబెట్టొచ్చు. మేమూ పడుకోవచ్చు.

అబ్బ, ఆ మాట రాస్తుంటేనే ఆవలింత వచ్చింది.

ఇంతమంది ఇంత హాయిగా నిద్రపోయే చోటు ఇంకెక్కడా ఉండదు. వాళ్ళ మధ్యలో కునుకు లేనిది మా ఇద్దరికే. నిన్న ఒక వరస వెంట నడుస్తూ, అద్దంలోంచి కనిపించిన ఒక ముసలాయన మొహం చూసి నిజంగా కడుపుమంట పుట్టింది. నోరు తెరుచుకుని ఏం నిద్రపోతున్నాడయ్యా!

రోహిణి కార్తె, పదో రోజు

భూమేష్ నీళ్ళ గొట్టానికి వాడే రబ్బరు రింగు కొత్తది ఒకటి తీసి, మరగబెట్టి, ఒక పెట్టె మూత మీద పెట్టి చల్లార్చి తెచ్చాడు. చల్లటి చోట్లకి ఇక్కడ కొదవేం లేదు. మొగులమ్మ దాన్ని నోట్లో పెట్టుకుని కాసేపు చప్పరించి, మా ఇద్దరినీ చూసి నవ్వింది కూడా. మేం కూడా నవ్వాం. అంతలోనే దాన్ని విసిరేసి మళ్ళీ ఏడుపు ఎత్తుకుంది.

"జర సేపన్న పనిచేసింది కద," అన్నాడు భూమేష్.

"ఆ జర సేపుల నిద్రపోదువు గద, పెద్ద పని జేసినట్టు నవ్వుకుంట నిలబడ్డవేంది?" అన్నాను.

నోటి దురుసు నాకు ముందునుంచీ ఉంది. నిద్ర లేకపోయేసరికి దానికి కంచె కూడా పోయింది.

ఊయల యంత్రం ఒకటుంది. ఎవరో పిల్లలు లేనివాళ్ళు తయారుచేసి ఉంటారు. పడుకోబెడితే పది ఊపులు ఊపి, "బిడ్డ నిద్రపోయింది" అని ప్రకటిస్తుంది. ఆ ప్రకటనకి పిల్ల ఉలిక్కిపడి లేస్తుంది. భూమేష్ దాని నోరు మూయించే తీగ కోసం వెతుకుతున్నాడు.

మృగశిర కార్తె, మూడో రోజు

బెల్లు గురించి రాయాలి.

ఓడకి మా మీద అంత నమ్మకం లేదు. ఉండుండి బెల్లు కొడుతుంది. కాపలాలో ఉన్న మనిషి వెళ్ళి మీట నొక్కాలి. నొక్కితే మేం బతికే ఉన్నట్టు. వరసగా మూడు బెల్లులకి ఎవరూ నొక్కకపోతే మేం పోయామనుకుని, ఓడ తనంతట తనే తర్వాతి జంటను లేపడం మొదలుపెడుతుంది.

వాళ్ళని ముందే లేపితే వాళ్ళ వంతు ముందే అయిపోతుంది, వాళ్ళ తర్వాతి వాళ్ళనీ ముందే లేపాలి. ఒక్కో జంటకి ఒక్కటే వంతు, జంటలు లెక్కకి సరిగ్గా ఉన్నాయి. అట్లా జరుగుతూ పోతే, ఓడ దిగే ఏళ్ళకి కాపలాకి మనిషే మిగలడు. అందుకే బెల్లు తప్పడమంటే చిన్న విషయం కాదు.

ఇవాళ భూమేష్ ఒక బెల్లు తప్పాడు. పిల్లని భుజాన వేసుకుని, మీట పక్కనే నిలబడి నిద్రపోయాడు. నిలబడే! నేను లోపల్నుంచి అరిస్తే ఉలిక్కిపడ్డాడు.

వంతులు వేసుకోవచ్చు కదా అనిపిస్తుంది చదివేవాళ్ళకి. వేసుకున్నాం. ఆయన కాపలాలో ఉంటే నేను పడుకోవాలి, నేనుంటే ఆయన. కానీ వెచ్చగా ఉండే చోటు ఈ ఓడలో మా గది, దాని పక్కనే వంట, వంట వెనక మొక్కల గది, ఆ పక్కనే బెల్లు గది, అంతే. మిగతాదంతా చలి. అన్నీ ఇనుప గోడలే. పిల్ల ఒక మూల ఏడిస్తే రెండో మూల గోడ కూడా ఏడుస్తుంది. ఒకరు మేలుకుంటే ఇద్దరం మేలుకున్నట్టే.

మృగశిర కార్తె, తొమ్మిదో రోజు

ఏమీ రాయలేను. అన్నీ బాగున్నాయి. నేను తప్ప.

ఆరుద్ర కార్తె, రెండో రోజు

ఈసారి నేను తప్పాను. ఒకటి కాదు, రెండు.

పిల్లకి పాలిస్తూ గోడకి ఆనుకున్నాను. కళ్ళు తెరిచేసరికి బెల్లు గదిలో ఎర్ర దీపం తిరుగుతోంది. ఎట్లా లేచానో, పిల్లతో ఎట్లా పరుగెత్తానో తెలియదు. మూడో బెల్లు ఇంకా మోగుతుండగానే మీట మీద చెయ్యి పడింది. అక్కడే కూలబడ్డాను. ఒళ్ళో పిల్ల మాత్రం నిద్రపోతోంది. తనెప్పుడు నిద్రపోతే ఓడకి అప్పుడే ఆపద.

భూమేష్ వచ్చి నన్నేమీ అనలేదు. అనకపోవడంతో ఇంకా కోపం వచ్చింది.

"తిట్టరాదు?" అన్నాను.

"తిట్టే ఓపిక లేదు స్వరూపా," అన్నాడు.

మా అమ్మ ఇక్కడికి దగ్గర్లోనే ఉంది. గడప దాటి, చలి వరసలో కొంచెం నడిస్తే ఆమె పెట్టె. నర్సవ్వ అని మూత మీద రాసి ఉంటుంది. ఈ మధ్య పిల్లని ఎత్తుకుని అటే నడుస్తున్నాను. చలికి పిల్ల ముక్కు ఎర్రబడుతుంది, తిరిగి వచ్చేస్తాను. ఊరికే చూసి రావడానికే.

పెట్టెలోకి దిగేముందు ప్రతి మనిషీ ఒక మాట చెప్పాలి. దాన్ని పడక మాట అంటాం. నన్ను ఎప్పుడు లేపొచ్చు, ఎందుకు లేపొచ్చు అని అందరి ముందూ చెప్పాలి. కొందరు, నా పిల్లలకి జబ్బు చేస్తే లేపండి అంటారు. ఒకాయన, ఏమీ లేకున్నా మధ్యలో ఒకసారి లేపి చాయ్ పొయ్యండి అన్నాడు. కాపలా వాళ్ళు ఆ మాట దాటకూడదు. ఇక్కడ రాసిన చట్టాలు చాలా ఉన్నాయి, వాటిని దాటిన వాళ్ళూ ఉన్నారు. పడక మాట దాటినవాళ్ళ గురించి నేను వినలేదు.

మా అమ్మ చెప్పిన మాట: "దిగినంకనే లేపుండ్రి. నడుమ లేపితే ఊకోను." అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

ఆమెకి యాభై దాటింది. ఆ వయసు వాళ్ళ ఒళ్ళు ఈ చలిని ఒక్కసారే ఓర్చుకుంటుంది. మాలాంటి వాళ్ళని లేపి మళ్ళీ పడుకోబెట్టొచ్చు. ఆమెని ఒకసారి లేపితే మళ్ళీ పడుకోబెట్టడం ఉండదు. దిగే లోపు బతుకు ఓడలోనే తెల్లారిపోతుంది.

పుట్టినప్పటి నుంచీ ఎండిన చేనే చూసిందామె. వాన పడే నేల మీద ఒక్క పంట తీయాలని ఆశ. మా నాయన పోయాక ఇల్లు, మనుషులు, అన్నీ వదులుకుని ఓడెక్కింది ఆ ఒక్క దానికోసమే. జొన్న విత్తనాల మూట తలకింద పెట్టుకుని పడుకుంది.

ఆరుద్ర కార్తె, ఎనిమిదో రోజు

ఇవాళ జరిగింది ఉన్నదున్నట్టు రాస్తాను.

వంట దగ్గర నీళ్ళు కారుతున్నాయని భూమేష్ వాల్వు మూయడానికి వెళ్ళాడు. మూసి వచ్చాడు. నేను పిల్లని తిప్పుకుంటూ గడప దాకా వెళ్తే, చలి వరసలో టపటపమని చప్పుడు. అక్కడ నీళ్ళ చుక్కల చప్పుడు నేనెప్పుడూ వినలేదు. వెళ్ళి చూస్తే, పిల్లల పెట్టెల వరసలో మూతల మీది మంచు కరిగి కారుతోంది. వంట వాల్వుకి బదులు ఆయన చలి వాల్వు మూశాడు.

నా చెవులు నాకే గింగురుమనేంత గట్టిగా అరిచాను. ఆయన వచ్చి వాల్వు తిప్పాడు. మళ్ళీ మంచు పట్టేదాకా ఇద్దరం ఒక్కో పెట్టె దగ్గరా ఆగి, లోపలి దీపాలు పచ్చగా ఉన్నాయా లేదా అని చూసుకుంటూ తిరిగాం. అన్నీ పచ్చగానే ఉన్నాయి. ఏ పిల్లకీ ఏమీ కాలేదు.

భూమేష్ అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాడు. పెళ్ళైనప్పటి నుంచీ ఆయన ఏడవడం నేను చూడలేదు.

"చేతుల్తోని మూసిన స్వరూపా. సూసుకుంటనే మూసిన. అది వంటదే అనుకున్న."

"ఇప్పుడేం కాలే కద. లే."

"రేపు నువ్వు అటు పోకపోతే?"

చంకలో మొగులమ్మ ఏడుస్తూనే ఉంది.

గదిలోకి వచ్చాక, తర్వాతి జంటను లేపుదామన్నాడు. వద్దన్నాను. వాళ్ళతో మొదలుపెడితే అది దిగేదాకా సాగుతుందని ఆయనకీ తెలుసు. మరెవరిని లేపాలి? కాపలా వాళ్ళు తప్పనిసరైతే సొంత మనిషిని ఒకరిని లేపుకోవచ్చు. ఆయనకి ఓడలో సొంతవాళ్ళు లేరు. నాకున్నది ఒక్కతే. ఆ పేరు ఇద్దరికీ నోటి దాకా వచ్చింది.

చివరికి ఆయనే అన్నాడు. "అత్తమ్మను మాత్రం వద్దు. అందరి ముంగట చెప్పుకున్న మాట. అది దాటితే ఇగ ఎవ్వరి మాటకు విలువుండదు."

"నేను లేపుతనన్ననా?" అని గయ్యిమన్నాను.

ఆరుద్ర కార్తె, పదో రోజు

లేపాను.

భూమేష్ బెల్లు దగ్గర ఉన్నాడు. నేను గొంగడి తీసుకుని, పిల్లని అందులో చుట్టి నేల మీద పడుకోబెట్టి, రెండు చేతులతో అమ్మ పెట్టె పిడి గుంజాను. ఒక్క చేత్తో అది రాదు. ఎవరూ తెలియక గుంజకూడదని అట్లా చేశారట. కాబట్టి పొరపాటున చేశానని చెప్పడానికి లేదు.

ఓడ కోసం లేపానని రాస్తే నన్ను ఎవరూ తప్పు పట్టరు. వాల్వు సంగతి పైనే రాసి ఉంది. రెండు బెల్లులు తప్పిన సంగతీ ఉంది. కానీ అబద్ధం రాయను. పిడి మీద చెయ్యి వేసినప్పుడు నాకు ఓడ గుర్తు లేదు. పిల్లల వరస గుర్తు లేదు. నాకు నిద్ర కావాలి. మా అమ్మ కావాలి. అంతే.

పెట్టె లోపలి దీపం పచ్చ నుంచి పసుపుకి మారింది. ఒళ్ళు వెచ్చబడి మనిషి లేవడానికి మూడు రోజులు పడుతుంది. మొదలుపెట్టాక ఆపడం కుదరదు.

భూమేష్‌కి చెప్పాను.

"మంచిగ చేసినవా చెడ్డగ చేసినవా నాకు తెల్వదు. నన్నడగకు," అని బెల్లు గదిలోకి వెళ్ళిపోయాడు.

ఆరుద్ర కార్తె, పదమూడో రోజు

అమ్మ కళ్ళు తెరిచింది.

మొహంలో రక్తం లేదు. పెదాలు పగిలి ఉన్నాయి. తడిగుడ్డతో తుడుస్తున్నాను. నన్ను చూసింది. గుర్తుపట్టింది. మొహమంతా ఒక్కసారి వెలిగింది.

"దిగినమా?" అంది.

ఆ మాటకి నేను సిద్ధంగా లేను. మూడు రోజులు కూర్చుని ఏం చెప్పాలో ఎన్ని రకాలుగానో అనుకున్నాను. ఆమె మొదట అదే అడుగుతుందని మాత్రం నా మొద్దు బుర్రకి తట్టలేదు.

"వాన పడుతున్నదా? సప్పుడు ఇనొస్తున్నది," అంది మళ్ళీ. పెట్టె మీది మంచు కరిగి పక్కనున్న రేకు మీద పడుతున్న చప్పుడది.

"దిగలేదమ్మా," అన్నాను.

"ఇంకెంత దూరం?"

"తొంబై ఏండ్లు."

వేళ్ళు కదిలాయి, లెక్క పెడుతున్నట్టు. ఆగిపోయాయి. అప్పుడు నా చంకలో ఉన్న దాని వైపు చూసింది. అది ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయి, రింగు నములుతూ ఆమెనే చూస్తోంది.

"ఇదెవరు?"

"నీ మనుమరాలు. మొగులమ్మ. నీ అవ్వ పేరే పెట్టినం."

"ఏమైంది పోరికి? పానం మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్నది." పిల్ల చొంగ తుడిచాను. "పండ్లొస్తున్నయ్."

ఆమెకి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అయ్యాక అంత నీరసంలోనూ మోచేతుల మీద లేవబోయింది.

"పండ్లొస్తే నన్ను లేపినవానే? పండ్లొస్తే? లోకంల పండ్లు రాని పోరి ఉన్నదా? నిన్ను పెంచినప్పుడు నేను ఎవర్ని లేపిన? నీ నాయిన బండి మీద పోతుండె, రెండు నెల్లు ఒక్కదాన్నే ఎత్తుకోని తిరిగిన. ఎవర్ని లేపిన?"

భూమేష్ గడపలో నిలబడి, "అత్తమ్మా, తప్పు నాది. నేను వాల్వు..." అని ఏదో అనబోయాడు.

"నువ్వు ఊకో అల్లుడా," అంది. మా గదికి తెచ్చి మంచం మీద పడుకోబెడితే, గోడ వైపు తిరిగింది. ఇక మాట్లాడలేదు.

పునర్వసు కార్తె, రెండో రోజు

ఇంకా మాట్లాడటం లేదు. గంజి పెడితే తాగుతుంది. కాళ్ళు వత్తబోతే లాక్కుంటుంది. మా నలుగురి ఏడుపుల్లో పిల్ల ఏడుపొక్కటే బయటికి వినిపిస్తోంది.

నాకు సిగ్గుగా ఉంది. దానికంటే ఎక్కువ నిద్ర వస్తోంది. సిగ్గుపడటానికి కూడా కొంత ఓపిక ఉండాలి.

పునర్వసు కార్తె, మూడో రోజు

దీపాలు తగ్గాయి. పిల్ల మొదలుపెట్టింది. నేను లేవబోతే కాళ్ళు లేవలేదు. రెండోసారి ప్రయత్నించేసరికి అమ్మ మంచం దిగి, గోడ పట్టుకుని వచ్చి నా ముందు నిలబడింది. అడుగులు ఇంకా తడబడుతున్నాయి.

"ఇటు తే," అంది.

ఇచ్చాను.

"నువ్వు పో. నా కండ్ల ముందట ఉండకు. పో, పండుకో పో."

తిట్టే తిట్టింది. అంత తీయని తిట్టు నేనెప్పుడూ తినలేదు. పడక మీద పడ్డది గుర్తుంది. దుప్పటి కప్పుకున్నది గుర్తులేదు.

లేచేసరికి దీపాలు పూర్తిగా వెలిగి ఉన్నాయి. ఒకటే నిశ్శబ్దం. పరుగెత్తుకు వెళ్తే, అమ్మ బెల్లు గదిలో పీట మీద కూర్చుని, పిల్లని తొడ మీద బోర్లా వేసుకుని వీపు తడుతోంది. భూమేష్ నేల మీద పడి గురక పెడుతున్నాడు.

"బెల్లు?" అన్నాను.

"నొక్కిన. గంత కష్టమైన పనేం గాదు," అంది నా వైపు చూడకుండా.

పుష్యమి కార్తె, అయిదో రోజు

అమ్మ వచ్చాక పిల్ల ఏడుపు ఆగిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఆమె దగ్గర ఏ మంత్రమూ లేదు. వేలు శుభ్రంగా కడుక్కుని చిగురు మీద రుద్దుతుంది, నేనూ అదే చేశాను. చల్లటి గుడ్డ నమిలిస్తుంది, నేనూ నమిలించాను. ఆమె చేతుల్లోనూ మొగులమ్మ అదే గొంతుతో అంతసేపూ ఏడుస్తుంది. ఒకసారి ఆమె విసిగిపోయి, "నీ నోట్ల మన్ను వడ, ఆపవే!" అనడం నేను చాటునుంచి విన్నాను. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

తేడా ఏమిటంటే, ఇప్పుడు ముగ్గురం. ఇద్దరు మేలుకుంటే ఒకరు చెవుల్లో దూది పెట్టుకుని నిద్రపోవచ్చు. ఇన్ని రోజులూ మాకు లేనిది తెలివి కాదు, ఇంకో జత చేతులు.

బెల్లు ఒక్కటీ తప్పలేదు. భూమేష్ వాల్వులన్నిటికీ రంగులు పూశాడు.

ఆశ్లేష కార్తె, మొదటి రోజు

పన్ను వచ్చింది! కింద, ముందర, బియ్యపు గింజంత.

అమ్మ వేలికే మొదట తగిలింది. "అబ్బా!" అని వేలు తీసుకుని చూసుకుని, "గిదో, దిగింది," అని అరిచింది. భూమేష్ బెల్లు గది నుంచి ఉరికొచ్చాడు. ముగ్గురం పిల్ల నోరు తెరిచి తెరిచి చూశాం. దానికి చిరాకొచ్చి ముగ్గురినీ కొరికింది.

అమ్మ నవ్వింది. లేచాక మొదటిసారి. నేను ఆ నవ్వు చూసి, అంతా సర్దుకుంది అనుకున్నాను. దగ్గరికి వెళ్ళి భుజం మీద తల పెట్టబోయాను. నవ్వు ఆగిపోయింది.

"ఒక్క పన్నుకు ఒక్క బతుకు పెట్టినవ్," అంది. అరవలేదు. "నన్నడిగినవా? నేనేమన్న మొద్దునా, లేపుకోని వాడుకోనీకె?"

"లేదమ్మా."

"అడగకుంట తీసుకున్నవ్. గదే నా బాధ. ఎత్తుకునుడు కాదు."

ఆమె పిల్లని తీసుకుని వెళ్ళిపోయింది. మాఫ్ చెయ్యమని అడగలేదు. అడిగితే చేసేస్తుందేమోనని భయమేసింది. ఇంత పెద్దది తీసుకుని, అది కూడా అడిగి తీసుకోవడానికి నాకు మొహం చెల్లలేదు.

హస్త కార్తె, ఏడో రోజు

పైన రెండు, కింద రెండు వచ్చాయి. రాత్రిళ్ళు ఒక్కసారే లేస్తోంది. కొన్ని రాత్రులు అసలు లేవడమే లేదు. నేను మాత్రం అలవాటుకొద్దీ మేలుకుని, ఏడుపెందుకు రాలేదా అని చెవి పెట్టి వింటున్నాను. మనిషి బుద్ధి ఎంత వంకరదో చూడండి.

అమ్మ మొక్కల గదిలో బచ్చలి మడి పక్కన ఒక తొట్టి ఖాళీ చేయించి, మూట విప్పి జొన్నలు చల్లింది. అన్నీ కాదు, కొన్ని. మిగతావి మళ్ళీ మూట కట్టి నాకిచ్చింది.

"దిగినంక నువ్వు చల్లు. తేమ సూసుకోని చల్లు. నీకు దేనికీ ఆగుడు తెల్వదు, తొందరపడకు."

మొలకలు లేచాయి. మొగులమ్మ వాటిని పీకబోతే చెయ్యి మీద ఒక్కటి వేసింది. అది ఏడుస్తూ ఆమె మెడనే కరుచుకుంది. ఇప్పుడు దానికి ఒకటే మాట వచ్చు: "అవ్వ". నీళ్ళకీ అవ్వే, దీపానికీ అవ్వే, నాకూ అవ్వే. కానీ అవ్వని చూసినప్పుడు అనే అవ్వ వేరు. చేతులు రెండూ చాచి, కాళ్ళు రెండూ కొట్టుకుంటూ అంటుంది.

స్వాతి కార్తె, పన్నెండో రోజు

తర్వాతి జంట లేచారు. ఓదెలు, సరిత. మంచివాళ్ళలాగే ఉన్నారు. ఓదెలు కాస్త మాటకారి. అమ్మ సంగతి విని సరిత నన్ను ఒక చూపు చూసింది. పడక మాట దాటినదాన్ని మొదటిసారి చూస్తోంది కదా. నేను తల దించుకోలేదు, ఎత్తనూ లేదు. బెల్లు ఎట్లా నొక్కాలో చూపించాను.

అమ్మ వాళ్ళతోనే ఉంటుంది. వాళ్ళ తర్వాత వచ్చేవాళ్ళతో. ఒళ్ళు సహకరిస్తే ఆ తర్వాతి వాళ్ళతో.

"నీకు పిల్లలు కావాల్నంటే ఇప్పుడే కను," అని సరితకి మొదటిరోజే చెప్పేసింది. "నేనున్న, ఎత్తుకుంట. కాని పండ్లొస్తున్నయని మీ అమ్మను లేపకు."

సరిత నవ్వాలో వద్దో తెలియక నా వైపు చూసింది. నేనే ముందు నవ్వాను. అమ్మ నవ్వలేదు.

విశాఖ కార్తె, మూడో రోజు

నీళ్ళు బాగున్నాయి, గాలి బాగుంది, పెట్టెలన్నీ చల్లగా ఉన్నాయి.

ఇవాళ పొద్దున భూమేష్ పడుకున్నాడు. పడుకునే ముందు అత్తమ్మ కాళ్ళకి దండం పెట్టాడు. "లే అల్లుడా, మంచిగ పండుకో, నువ్వు నిలబడి పండుకునే మనిషివి," అంది. నవ్వుతూనే వెళ్ళాడు.

తర్వాత మొగులమ్మ. చిన్న పెట్టె చూసి భయపడుతుందనుకున్నాను. లేదు. అమ్మ భుజం మీదే నిద్రపోయింది. అమ్మ వంగి, ఒక చేత్తో తల పట్టుకుని, చప్పుడు లేకుండా పడుకోబెట్టింది. పిల్ల వేళ్ళు ఆమె కొంగు పట్టుకుని ఉన్నాయి. ఒక్కో వేలూ విడిపించింది. తొందరపడలేదు. మూత పడేదాకా ఆమె వీపే నాకు కనిపించింది, మొహం కనిపించలేదు.

ఇక నేనే మిగిలాను. ఓదెలు పెట్టె సిద్ధం చేసి చాలాసేపైంది. ఈ నాలుగు ముక్కలు రాసి వస్తానని చెప్పి కూర్చున్నాను. ఇన్ని కార్తెలు నిద్ర నిద్ర అని ఏడ్చినదాన్ని. నిద్ర కోసం కన్నతల్లి మాట దాటినదాన్ని. ఇప్పుడు పడుకోమంటే కళ్ళు మూతపడటం లేదు. ఇంకో వాక్యం, ఇంకో వాక్యం అని రాస్తూనే ఉన్నాను.

మేం లేచేసరికి ఓడ దిగి ఉంటుంది. వాన కూడా పడుతూ ఉండొచ్చు. అప్పటికి అమ్మ పోయి ఎన్నో ఏళ్ళై ఉంటుంది. ఏ కాపలా జంట ఆమె తల దగ్గర కూర్చుందో, వాళ్ళ పేర్లు ఈ పుస్తకంలోనే చదువుకోవాలి. అదంతా నాకు అర్థమవుతుంది. నేను పెద్దదాన్ని, నేను చేసింది నేను మోస్తాను.

కానీ మొగులమ్మకి తొంబై ఏళ్ళు గడిచినట్టు తెలియదు. నిన్న రాత్రి అవ్వ భుజం మీద నిద్రపోయింది, పొద్దున లేచింది, దానికి అంతే. కళ్ళు తెరిచి, నన్ను చూసి, నన్ను దాటి వెనక్కి చూస్తుంది. చేతులు రెండూ చాస్తుంది. కాళ్ళు కొట్టుకుంటుంది. "అవ్వ" అంటుంది. అప్పుడు దానికి నేనేం చెప్పాలి?

అమ్మ వచ్చి గడపలో నిలబడింది.

"ఏమే, ఇంకా రాస్తనే ఉన్నవా? ఆ పోరగాడు ఎంతసేపు నిలబడాలె?"

"అయిపోయిందమ్మా."

"నిద్రొస్తలేదా?"

"వస్తలేదు."

నేను అడగకూడదనుకున్నదే అడిగేశాను. "అమ్మా, నా మీద కోపం పోయిందా?"

"పోలే," అంది. "పోదు గూడ. అది అట్లనే ఉంటది. నువ్వు రా, జోకొడ్త."

పుస్తకం మూస్తున్నాను. అమ్మ దీపం తగ్గించింది.